కొత్తవాడ పత్తెం

వరంగల్‌లోని కొత్తవాడ దర్రీలు నేసే పేట. వరంగల్ దర్రీలకు 2018లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. ఆ పేరు నిలబెట్టిన మగ్గాల్లో కొత్తవాడవి ముఖ్యమైనవి. నేతకు కూలి నేసిన సరుకును బట్టే. మనిషి మంచాన పడితే మగ్గం ఆగుతుంది, మగ్గం ఆగితే పొయ్యి చల్లారుతుంది. అందుకే ఇలాంటి పేటల్లో జబ్బు తగ్గడం ఒక సంగతి, తిరిగి పనిలో కూర్చునే శక్తి రావడం మరో సంగతి. ఈ రెండోదాని భారం చాలాకాలం దవాఖాన మీద కాక వంటింటి మీదే పడింది. ఆ ఏర్పాటునే తెలంగాణలో పత్తెం అంటారు.

జెరం దిగాక ముందు ఉప్పు వేసిన పలచటి గంజి, తర్వాత మెత్తటి అన్నం, మిరియాల చారు, పెసరకట్టు. వంకాయ, గోంగూర, మామిడికాయ కొన్నాళ్లు దూరం. బాలింతకు శొంఠి, వెల్లుల్లి, కాయం. నేత ఇళ్లలో గంజికి కొదవ ఉండదు, పడుగు నూలుకు పట్టించేదీ గంజే. ఈ పద్ధతిలో ఎంత సరుకుందో చాలాకాలానికి గాని తేలలేదు. 1980ల్లో బంగ్లాదేశ్‌లో కలరా రోగుల మీద జరిగిన పరీక్షల్లో, బియ్యప్పిండితో చేసిన లవణ ద్రావణం గ్లూకోజుతో చేసినదాని కంటే విరేచనాలను బాగా తగ్గించింది. పిండిపదార్థం పేగులో మెల్లగా గ్లూకోజుగా మారుతూ ఉప్పునూ నీటినీ వెంట లాక్కుపోవడమే దీని కిటుకు. అయితే ఆ పత్తెంలోనే లంఖణం కూడా ఉంది. విరేచనాలు పట్టుకున్న పసిబిడ్డకు తిండీ నీళ్లూ ఆపేయడం ప్రాణం మీదికి తెచ్చే పని. ఆచారం తనలోని మంచినీ చెడునూ ఒకే నమ్మకంతో మోసుకొచ్చింది.

కామెర్లకు ఇచ్చే పసరు మందుకు ఉన్నంత పేరు ఇంకే నాటుమందుకూ లేదు. పొద్దున్నే పరగడుపున పసరు, ఆపైన నూనె, కారం లేని కూడు. కలుషితమైన నీటితో వచ్చే కామెర్లు చాలామందిలో కొన్ని వారాలకు వాటంతట అవే తగ్గిపోతాయి, కాబట్టి పసరుకు కీర్తి సులువుగా దక్కింది. ఇలాంటి మందుల్లో ఎక్కువగా వాడే నేల ఉసిరిని మద్రాసు పరిశోధకులు హెపటైటిస్ బి మీద పరీక్షించారు. 1988లో ప్రచురించిన ఫలితాల ప్రకారం మందు తీసుకున్న 37 మందిలో 22 మంది రక్తంలో వైరస్ గుర్తు కనిపించకుండా పోయింది. ఇది ప్రపంచమంతా ఆసక్తి రేపింది గాని, తర్వాత ఇతర చోట్ల జరిగిన పరీక్షల్లో ఆ ఫలితం నిలవలేదు.

నిజాం రాజ్యంలో యునానీకి ప్రభుత్వ ఆదరణ దండిగా ఉండేది. చార్మినార్ పక్కన నిజామియా తిబ్బీ కళాశాల, ఆసుపత్రి వెలిశాయి. హైదరాబాదులో 1949లో డాక్టర్ బి. వెంకట్రావు ప్రకృతి చికిత్సాలయం పెట్టారు. తొట్టి స్నానం, మట్టి పట్టీ, ఉప్పులేని తిండి అప్పటికే తెలుగువారికి కొత్త కాదు. ప్రకృతి చికిత్సపై లూయీ కూనె రాసిన జర్మన్ గ్రంథం 1894లోనే తెలుగులోకి వచ్చింది. వరంగల్‌లో అనంతలక్ష్మి ఆయుర్వేద కళాశాల ఉంది, 1959లో కాకతీయ వైద్య కళాశాల వచ్చింది. రోగి మాత్రం ఏ ఒక్క వైద్యానికీ కట్టుబడలేదు. సూది ఒకచోట, చూర్ణం ఒకచోట, పత్తెం ఇంట్లో.

తిండే జబ్బుకు కారణమైన ఘట్టం తెలంగాణ చరిత్రలోనే ఉంది. జొన్న గట్క, జొన్నరొట్టె ఇక్కడి కష్టజీవుల తిండి. పప్పు, పాలు, కూరగాయలు తోడుగా ఉన్నంతకాలం దానితో చిక్కు లేదు. పూటపూటా జొన్న తప్ప ఇంకేమీ దొరకని పేదలకు మాత్రం పెల్లాగ్రా వచ్చేది: ఎండ తగిలే మెడ, చేతుల చర్మం నల్లబడి పగలడం, విరేచనాలు, మతి చెదరడం. మొక్కజొన్నే దీనికి మూలమని ప్రపంచం అనుకుంటున్న రోజుల్లో దక్కనులో జొన్న తినేవారికి ఎందుకొస్తోందన్న ప్రశ్నను తలకెత్తుకున్నవారు పోషకాహార శాస్త్రవేత్త కొలుత్తూర్ గోపాలన్. కూనూరు నుంచి 1958లో హైదరాబాదుకు తరలివచ్చిన పోషకాహార పరిశోధనాలయంలో (1969 నుంచి జాతీయ పోషకాహార సంస్థ) ఆయన, ఎస్.జి. శ్రీకాంతియా కలిసి, జొన్నలో ఎక్కువగా ఉండే లూసిన్ అనే అమైనో ఆమ్లం ఒంట్లో నియాసిన్ అనే విటమిన్ తయారీకి అడ్డుపడుతుందని 1960లో ప్రతిపాదించారు. ఆ వివరణను అందరూ ఒప్పుకోలేదు. చికిత్స విషయంలో మాత్రం తగాదా లేదు: నియాసిన్ ఇస్తే రోగి రోజుల్లోనే తేరుకునేవాడు. 1983లో కిలో రెండు రూపాయల బియ్యం వచ్చింది, గట్క పళ్లెంలోంచి క్రమంగా జారింది, పెల్లాగ్రా కూడా అరుదైపోయింది. ఇప్పుడు జొన్నను సకల రోగ నివారిణిగా అమ్ముతున్నవారికి ఈ కథ గుర్తున్నట్టు లేదు.

నేతకారుల పేటలు ఎక్కువగా భయపడింది క్షయకు. ఇరుకు గదులు, గుంటమగ్గం చెమ్మ, నూలు దుమ్ము, అర్ధాకలి అన్నీ దానికి దారి ఇచ్చేవే. మందులు లేనినాడు విశ్రాంతి, గాలి, పాలు, గుడ్లే వైద్యం. మదనపల్లె దగ్గరి ఆరోగ్యవరం, వికారాబాద్ అనంతగిరి కొండ మీది శానిటోరియం ఆ నమ్మకంతో నడిచినవే. నెలల తరబడి పని మాని అక్కడ ఉండగలిగే నేతకారులు ఎందరుంటారు? 1956లో మద్రాసులో మొదలైన ప్రయోగం ఈ చిక్కును విప్పింది. ఒకే మందులు వాడిన రోగుల్లో కొందరిని శానిటోరియంలో, కొందరిని వాళ్ల ఇళ్లలోనే ఉంచారు. ఇళ్లలోవాళ్లు తిన్నది నాసిరకం, చేసిన పని ఎక్కువ. అయినా ఏడాది తర్వాత దాదాపు సమానంగా కోలుకున్నారు. మందుదే పైచేయి అని తేలింది. దాంతో క్షయ వైద్యంలో తిండి మాట దశాబ్దాలపాటు వెనక్కి పోయింది.

ఆ తీర్పులో కొంత తొందరపాటు ఉంది. 2023లో వెలువడిన జార్ఖండ్ అధ్యయనంలో క్షయ రోగుల కుటుంబాలకు నెలనెలా బియ్యం, పప్పు, విటమిన్ మాత్రలు ఇస్తే, ఇంట్లో మిగతావారికి క్షయ రావడం 39 శాతం తగ్గింది. మొదటి రెండు నెలల్లో బరువు పెరిగిన రోగుల్లో మరణాలూ తక్కువే. కేంద్ర ప్రభుత్వం 2018లో నిక్షయ్ పోషణ్ యోజన కింద ప్రతి క్షయ రోగికీ నెలకు 500 రూపాయలు తిండి ఖర్చుగా ఇవ్వడం మొదలుపెట్టి, 2024 నవంబరు నుంచి దాన్ని 1000 చేసింది. మాత్రలు వాడినన్నాళ్లూ ఆ డబ్బు రోగి బ్యాంకు ఖాతాలో పడుతుంది.