నొప్పికి సాక్ష్యం అడిగిన రెండు వందల ఏళ్లు

1800లో లాండ్రే-బోవే అనే యువ వైద్యుడు పారిస్ సాల్‌పెట్రియేర్ ఆసుపత్రిలోని తొమ్మిది మంది స్త్రీల కీళ్లను పరిశీలించి తన సిద్ధాంత వ్యాసం రాశాడు. కీళ్లు వాచాయంటే అప్పటి వైద్యులకు ముందు తట్టేది గౌట్. అది తిండికి లోటు లేని మగవాళ్ల జబ్బని పేరు. ఈ స్త్రీలు పేదవాళ్లు, నీరసించినవాళ్లు. ఇది వేరే రకమని ఆయనకు తెలిసింది కానీ, గౌట్ అనే మాటను మాత్రం వదల్లేకపోయాడు. ఆ పని లండన్‌లో ఆల్‌ఫ్రెడ్ గారడ్ చేశాడు. రోగి రక్తం నుంచి తీసిన సీరంలో కాస్త ఎసిటిక్ ఆమ్లం కలిపి, అందులో ఒక నారపోగు వేసి ఉంచేవాడు. గౌట్ అయితే పోగుకు యూరిక్ ఆమ్లం స్ఫటికాలు పట్టేవి. పట్టకపోతే జబ్బు ఇంకేదో. ఆ ఇంకోదానికి 1859లో ఆయన పెట్టిన పేరే రుమటాయిడ్ ఆర్థరైటిస్, మన మాటలో కీళ్లవాతం.

రోగి మాటకు బయట ఒక సాక్ష్యం దొరికింది. దానివల్ల జరిగిన మేలు అంతా ఇంతా కాదు. కానీ సాక్ష్యం చూపించలేని నొప్పికి అన్యాయం కూడా అక్కడే మొదలైందని నా నమ్మకం.

మన ఆయుర్వేదంలోనూ కీళ్ల జబ్బులను ఇలా వేరుచేసే ప్రయత్నం జరిగింది. చరకుడు గౌట్‌ను పోలిన వాతరక్తం గురించి చెబితే, మాధవకరుడు తన నిదాన గ్రంథంలో కీళ్లవాతాన్ని పోలిన ఆమవాతాన్ని ప్రత్యేక వ్యాధిగా వర్ణించాడు. ఊళ్లలో మాత్రం ఇవాళ్టికీ అన్నీ వాతం నొప్పులే.

ఇక సాక్ష్యం చూపించలేని నొప్పి సంగతి. కీలు వాయదు, వంకర పోదు, ఒళ్లంతా మాత్రం పచ్చిపుండులా ఉంటుంది. అలాంటి నొప్పికి 1904లో లండన్‌లో విలియం గవర్స్ ఫైబ్రోసైటిస్ అనే పేరు పెట్టాడు. కండరాల మధ్య పీచు కణజాలంలో వాపు ఉందన్నది ఆయన ఊహ. అదే ఏడాది స్కాట్లండ్‌లో రాల్ఫ్ స్టాక్‌మన్ కండరాల ముక్కలు కోసి, మైక్రోస్కోపు కింద ఆ వాపు చూశానన్నాడు. తర్వాత వెతికినవాళ్లకు అది దొరకలేదు. పేరులో చేరిన వాపు మాత్రం డెబ్బై ఏళ్లకు పైగా అలాగే ఉండిపోయింది. వాపు కనిపించకపోయేసరికి, రెండో ప్రపంచ యుద్ధకాలంలో సైనికుల నొప్పులకు మానసిక వాతం అన్న ముద్ర పడింది. యుద్ధంలో నలిగి వచ్చిన మనిషికి 'నీ నొప్పి మనసులోదే' అని చెప్పి పంపడం ఎంత క్రూరమో ఊహించవచ్చు.

1948 కీళ్ల వైద్యానికి గొప్ప సంవత్సరం. నార్వేలో ఎరిక్ వాలర్ 1940లోనే కీళ్లవాతం రోగుల రక్తంలో చూసిన రుమటాయిడ్ ఫ్యాక్టర్‌ను ఆ ఏడు అమెరికాలో హ్యారీ రోజ్ మళ్లీ కనిపెట్టాడు. మేయో క్లినిక్‌లో హార్‌గ్రేవ్స్, కీళ్లనూ పట్టే లూపస్ అనే జబ్బు ఉన్న రోగుల్లో దాన్ని పట్టించే ఎల్.ఇ. కణాన్ని గుర్తించాడు. అక్కడే ఫిలిప్ హెంచ్ మంచం పట్టిన ఒక కీళ్లవాతం రోగికి సెప్టెంబరులో కార్టిసోన్ ఇస్తే, కొద్ది రోజుల్లోనే ఆమె లేచి నడిచింది. 1950లో ఆయనకు నోబెల్ వచ్చింది. ఆ హెంచ్ కొడుకు కాలర్ హెంచ్ కూడా కీళ్ల వైద్యుడే. 1976లో ఫైబ్రోసైటిస్‌ను పక్కనపెట్టి ఫైబ్రోమయాల్జియా అన్న పేరు తెచ్చింది ఆయనే. తండ్రి మందు వాపు మీద పనిచేసింది. కొడుకు పేరు పెట్టిన జబ్బులో ఆ వాపే లేదు, అందుకే ఆ మందుకూ పని లేదు. ప్రెడ్నిసోన్ ఇచ్చి చూసిన 1985 నాటి పరీక్ష ఈ విషయం తేల్చింది.

ఆ తర్వాత వచ్చింది వేలి పరీక్ష. 1990లో అమెరికన్ కాలేజ్ ఆఫ్ రుమటాలజీ ఒంటి మీద 18 చోట్లు గుర్తించింది. నొక్కే బొటనవేలి గోరు తెల్లబడేలా, సుమారు నాలుగు కిలోల బలంతో నొక్కాలి. ఒళ్లంతా నొప్పులుండి, కనీసం 11 చోట్ల నొక్కితే నొప్పి అంటే ఫైబ్రోమయాల్జియా. జబ్బుకు గుర్తింపు వచ్చింది, నిజమే. చిక్కు కూడా వచ్చింది. మోచేతి బయటి అంచు, తుంటి పక్క ఎముక ఆ జాబితాలో ఉన్నాయి. స్నాయువులు ఎముకకు అతుక్కునే చోట్లు కూడా అవే. వెన్నును పట్టే స్పాండిలైటిస్ జాతి జబ్బుల్లో వాపు వచ్చేది సరిగ్గా ఆ అతుకుల దగ్గరే. వేలికి ఆ తేడా ఎలా తెలుస్తుంది?

ఎక్కువగా నష్టపోయింది స్త్రీలు. ఆ జాతిలో ముఖ్యమైన యాంకిలోజింగ్ స్పాండిలైటిస్ మగవాళ్ల జబ్బని వైద్య విద్యార్థులకు చాలా కాలం నేర్పారు. 1973లో హెచ్.ఎల్.ఎ. బి27 జన్యువుతో దాని సంబంధం తెలిశాక కూడా ఆ మాట పోలేదు. ఎక్స్‌రేలో మార్పు కనబడటానికి ఏళ్లు పడుతుంది. ఈలోగా తెల్లారుజామున నడుం నొప్పితో మెలకువ వచ్చి, లేచి నాలుగడుగులు తిరిగితే గానీ తేరుకోని ఆడమనిషికి ఫైబ్రోమయాల్జియా అని రాసి పంపేవారు. మాంట్రియల్‌లో మేరీ ఆన్ ఫిట్జ్‌చార్లెస్ 1997లో ఈ పొరపాటును ఎత్తిచూపింది.

తప్పు రెండో వైపు కూడా జరుగుతుంది: ఫైబ్రోమయాల్జియాను కీళ్లవాతం అనుకోవడం. రుమటాయిడ్ ఫ్యాక్టర్ ఏ జబ్బూ లేనివాళ్లలోనూ నూటికి అయిదుగురి దాకా పాజిటివ్ వస్తుంది. లూపస్ అనుమానంతో చేసే ఎ.ఎన్.ఎ. రక్త పరీక్ష తక్కువ స్థాయిలో ఇంకా ఎక్కువమందిలో పాజిటివ్ వస్తుంది. ఆ కాగితం చూసి ఏళ్లతరబడి స్టిరాయిడ్లు మింగినవాళ్లున్నారు. "చేతులు వాచాయండీ, పొద్దున్నే ఉంగరం రావట్లేదు" అన్న మాట కీళ్లవాతంలోనూ ఫైబ్రోమయాల్జియాలోనూ వినిపిస్తుంది. మొదటిదాంట్లో కీలు పట్టి చూస్తే మెత్తగా ఉబ్బి ఉంటుంది. రెండోదాంట్లో వాపు ఉన్నట్టు అనిపిస్తుందే తప్ప వేలికి తగలదు.

తెలుగు నేల ఈ గందరగోళానికి సొంత చిక్కులూ చేర్చింది. నెల్లూరు ప్రాంతంలో నీటిలోని ఫ్లోరైడ్ ఎముకలను పట్టేస్తోందని 1937లో షార్ట్ బృందం లోకానికి చెప్పింది. 2005–06లో చికున్‌గున్యా జ్వరం తగ్గినా కీళ్లు నెలల తరబడి వదల్లేదు. కొందరిలో అది అచ్చం కీళ్లవాతంలాగే ఉంది, కొందరిలో వాపు లేని ఒళ్లు నొప్పులుగా మిగిలింది. కీళ్ల నొప్పి అని వచ్చిన మనిషిని ఏ ఊరి నీళ్లు తాగుతున్నావు, ఈ మధ్య జ్వరం వచ్చిందా అని అడగని పరీక్ష పరీక్షే కాదు.

2002లో అమెరికాలో గ్రేస్లీ, క్లా బృందం ఫైబ్రోమయాల్జియా రోగుల బొటనవేలి గోటిని నొక్కుతూ మెదడును స్కాన్ చేసింది. మామూలు మనుషులకు నొప్పి పుట్టడానికి కావలసిన ఒత్తిడి కంటే చాలా తక్కువకే వీళ్ల మెదడులో నొప్పి ప్రాంతాలు స్పందించాయి. మనసులో పుట్టిన మాట కాదు, నొప్పిని అందుకునే వ్యవస్థ తీరే మారిందని చూపిన పని అది. 2010 నాటి కొత్త ప్రమాణాలతో నొక్కే పరీక్ష వదిలేసి, ఎక్కడెక్కడ నొప్పి, నిద్ర ఎలా ఉంది, అలసట ఎంత అని అడగడం మొదలైంది.

నా దృష్టిలో అన్నిటికన్నా పెద్ద మార్పు ఆ ప్రమాణాలకు 2016లో చేసిన సవరణలో ఉంది. వేరే జబ్బు ఉన్నా సరే, ఫైబ్రోమయాల్జియా నిర్ధారణ చెల్లుతుందని అది స్పష్టంగా చెప్పింది. ఇదా అదా అన్న ప్రశ్నే చాలామందిని ముంచింది. కీళ్లవాతం ఉన్న అయిదుగురిలో దాదాపు ఒకరికి రెండూ ఉంటాయి. కీళ్లవాతం తీవ్రత కొలిచే డాస్28 లెక్కలో 28 కీళ్ల వాపుతో పాటు, నొక్కితే నొప్పి ఎన్ని కీళ్లలో, రోగికి తన స్థితి ఎలా అనిపిస్తోంది అన్నవీ కలుస్తాయి. వాపు పూర్తిగా తగ్గినా, రక్తంలో వాపును చూపే సీఆర్‌పీ మామూలుకు వచ్చినా, ఫైబ్రోమయాల్జియా నొప్పి వల్ల ఆ అంకె దిగదు. అంకె దిగలేదని మందు పెంచుతారు, ఖరీదైన బయలాజిక్ ఇంజెక్షన్లు ఒకదాని తర్వాత ఒకటి మారుస్తారు. ఆ దశలో కీలుకు అల్ట్రాసౌండ్ పెట్టి లోపల వాపు ఉందో లేదో చూస్తే, ఇక మందు పెంచాలా, లేక నిద్రకూ వ్యాయామానికీ నొప్పి నరాలకూ వైద్యం మొదలుపెట్టాలా అన్నది తేలుతుంది.