ఎవరి సంతకం?

మా వైపు ఆడవాళ్ళ మాటల్లో గర్భస్రావం అనే మాట వినపడదు. దానంతటదే పోతే 'కడుపు పోయింది' అంటారు. కావాలని చేయించుకుంటే 'తీయించుకుంది' అంటారు, అదీ గొంతు తగ్గించి. ఆస్పత్రి నుంచి వచ్చాక ఇంట్లోవాళ్ళు చెప్పుకునే మాట 'క్లీన్ చేయించాం'. మొదటి మాటలో చేసినవాళ్ళెవరూ లేరు. రెండో మాటలో చేసిందంతా ఆమే. మూడో మాటలో ఆమె అసలు లేదు, ఏదో మురికి ఉన్నట్టూ దాన్ని ఎవరో కడిగించినట్టూ ఉంటుంది. కృష్ణా డెల్టా దిగువన, బందరు, గుడివాడ, దివిసీమల్లో ఆడవాళ్ళ గర్భాల చరిత్ర రాయాలంటే ఈ మూడు మాటల దగ్గరే మొదలుపెట్టాలనిపిస్తుంది నాకు.

2004లో మా పిన్ని కూతురిని వెంటబెట్టుకుని డెల్టాలోనే ఒక పట్నంలో ఆస్పత్రికి వెళ్ళాను. ఇద్దరు పిల్లలు. చంటిది ఇంకా పాలు వదల్లేదు. మూడో నెల నడుస్తోంది. వాళ్ళ ఊరికి దగ్గర్లో వేరే ఆస్పత్రి ఉంది. కానీ అక్కడ పనిచేసే నర్సు అత్తగారివైపు బంధువు. అందుకని రెండు బస్సులు మారి వచ్చాం. చీటీ రాసే అమ్మాయి 'మీ ఆయన రాలేదా అక్కా?' అంది. రొయ్యల చెరువుల మీద పనికెళ్ళాడని చెప్పాం. 'ఆయన సంతకం లేకపోతే డాక్టరమ్మగారు చెయ్యరు. ఆయన్ని తీసుకునే రండి' అంది. ఆయన రావడానికి పది రోజులు పట్టింది. వచ్చి, కాగితం చదవకుండానే సంతకం పెట్టి, టీ తాగడానికి వెళ్ళాడు. ఆ పది రోజుల్లో పన్నెండు వారాలు దాటాయి. అప్పటి చట్టం ప్రకారం ఒక డాక్టరు బదులు ఇద్దరి అభిప్రాయం కావాలి. ఖర్చూ పెరిగింది, భయమూ పెరిగింది. భర్త సంతకం కావాలని చట్టంలో ఎక్కడా లేదు. అప్పటికి ఆ చట్టం వచ్చి 33 ఏళ్ళయింది. ఆ సంగతి మా ఇద్దరికీ తెలియదు.

ఏ ఆస్పత్రికి వెళ్ళాలన్నది పైకి చూస్తే వైద్యానికి సంబంధించిన ప్రశ్న. కానీ మన ఆడవాళ్ళు ఆస్పత్రిని ఎంచుకునేటప్పుడు ముందు చూసేది వైద్యం కాదు. అక్కడ తెలిసినవాళ్ళు ఎవరూ ఉండకూడదు. ఎక్కువ ప్రశ్నలు వెయ్యకూడదు. పొద్దున వెళ్ళి సాయంత్రానికి ఇల్లు చేరాలి. గుట్టు, దూరం, నోరు మూసుకునే మనుషులు. ఈ కొలతలు మనకి ఎక్కడినుంచి వచ్చాయి?

1860లో ఇండియన్ పీనల్ కోడ్ చేశారు. 1862 నుంచి అది అమల్లోకి వచ్చింది. అందులో 312వ సెక్షన్ గర్భస్రావాన్ని నేరం చేసింది. స్త్రీ ప్రాణం కాపాడడం కోసం తప్ప ఇంకే కారణంతో చేసినా మూడేళ్ళ వరకూ శిక్ష, పిండం కదలికలు మొదలయ్యాక అయితే ఏడేళ్ళ వరకూ. తన కడుపు తానే పోగొట్టుకున్న స్త్రీ కూడా ఆ సెక్షన్ కింద ముద్దాయే. విక్టోరియా కాలపు ఇంగ్లండు నీతి మన మీదికి శిక్షాస్మృతిగా వచ్చింది. అయితే ఆ బరువు అందరి మీదా సమానంగా పడలేదు. మొగుడున్న ఆడదాని కడుపు గురించి ఎవరూ ఆరా తీయరు. దొరికిపోయేది వితంతువే. 1881లో సూరత్‌లో విజయలక్ష్మి అనే బ్రాహ్మణ వితంతువుకి శిశుహత్య నేరం కింద ఉరిశిక్ష వేశారు, తర్వాత తగ్గించారు. ఆ కేసు మీద పత్రికల్లో ఆడజాతిని తిట్టిపోస్తుంటే ఒళ్ళు మండి తారాబాయి షిండే 1882లో మరాఠీలో 'స్త్రీ పురుష తులన' రాసింది. ఆ తప్పులో సగం ఉన్న మగవాడు ఏడని అడిగింది. అంతకుముందే 1863లో పుణేలో సావిత్రీబాయి, జోతీరావు ఫూలేలు అలాంటి వితంతువులు వచ్చి గుట్టుగా ప్రసవించడానికి ఇల్లు తెరిచారు.

అదే 1881 డిసెంబరు 11న రాజమండ్రిలో వీరేశలింగం మొదటి వితంతు వివాహం జరిపించాడు. వితంతు వివాహాలకి వాదించిన సంస్కర్తలు, బెంగాల్లో విద్యాసాగర్ నుంచీ, భ్రూణహత్యలు ఆగాలంటే పెళ్ళిళ్ళు చెయ్యాలన్నారు. ఆ వాదం వల్ల ఎందరో ఆడపిల్లలకి మేలు జరిగింది, కాదనను. కానీ గమనించండి. అక్కడ స్త్రీ గర్భం ఒక పాపానికి సాక్ష్యంగానే కనిపిస్తుంది. ఆ పాపాన్ని తుడవడానికి పెళ్ళి. ఆమెకి ఆ గర్భం కావాలా వద్దా అన్న ప్రశ్న ఆ వాదంలో లేదు.

1902లో బందరులో బండారు అచ్చమాంబ, ఓరుగంటి సుందరీ రత్నమాంబ కలిసి బృందావన స్త్రీల సమాజం పెట్టారు. ఆంధ్ర దేశంలో స్త్రీలు తమకోసం తామే పెట్టుకున్న సంఘాల్లో అది తొలిది. మనం ఆ కాలపు చరిత్రని చదువు, పెళ్ళి, పత్రికలు అనే పేర్లతో రాసుకున్నాం. ఆ సమావేశాలకు వచ్చిన స్త్రీలూ నెల తప్పేవాళ్ళే, బాలింతలయ్యేవాళ్ళే. వాళ్ళ పురుళ్ళు పోసింది మంత్రసానులు, చాలావరకు కింది కులాల స్త్రీలు. పురిటిగదిలో వాళ్ళ చెయ్యి కావాలి, పురుడయ్యాక వాళ్ళని ముట్టుకోకూడదు. వద్దనుకున్న గర్భానికీ వాళ్ళే దిక్కు. చిత్రమూలం వేరు, జిల్లేడు పాలు, గన్నేరు వేరు మన దేశపు న్యాయవైద్య పుస్తకాల్లోకి గర్భస్రావపు పుల్లలుగా ఎక్కాయి. ఆ పుల్ల గర్భసంచిని చీలిస్తే, చీము పట్టి విషమెక్కితే ఆడది చచ్చిపోయేది. దానికి మంత్రసానిని తిట్టడం తేలిక. ఆస్పత్రి తలుపు మూసి జైలు తలుపు తెరిచి ఉంచిన చట్టం సంగతేమిటి? గుట్టుని మనకి నేర్పింది సిగ్గొక్కటే కాదు, 312వ సెక్షన్ కూడా.

ఆ తలుపు ఎవరి కోసం తెరుచుకుంది? 1964లో కేంద్రం శాంతిలాల్ షా కమిటీని వేసింది. 1966లో నివేదిక వచ్చింది. 1971లో చట్టం చేశారు, 1972 ఏప్రిల్ 1 నుంచి అమలు. స్త్రీలు చచ్చిపోతున్నారన్న బాధ ఆ నివేదికలో ఉంది. వెనకాల జనాభా భయం కూడా ఉంది. మన దగ్గర స్త్రీలు వీధుల్లోకి రాకుండానే చట్టం వచ్చిందని కొందరు గర్వంగా చెబుతారు. అమెరికాలో పోరాడి 1973లో తెచ్చుకున్న హక్కు 2022లో సుప్రీంకోర్టు తీర్పుతో పోయింది కదా, మనమే నయం అనీ అంటారు. కానీ మనకి వచ్చింది హక్కు కాదు, నేరానికి మినహాయింపు. నిర్ణయం స్త్రీది కాదు, 'సదుద్దేశంతో' అభిప్రాయపడే డాక్టరుది. గర్భనిరోధక సాధనం విఫలమైందని చెప్పుకునే వీలు పెళ్ళయిన స్త్రీకే ఇచ్చారు. 2024 జూలై 1న పీనల్ కోడ్ పోయి భారతీయ న్యాయ సంహిత వచ్చింది. 312 కాస్తా 88 అయింది. నేరం నేరంగానే ఉంది.

జనాభా భయం ఎలా పనిచేసిందో మా డెల్టా ఆడవాళ్ళ పొట్టల మీద కుట్లు చెబుతాయి. ఎమర్జెన్సీలో, 1976-77 ఒక్క సంవత్సరంలో దేశంలో 80 లక్షల పైచిలుకు కు.ని. ఆపరేషన్లు చేశారు. అందులో ఎక్కువమంది మగవాళ్ళు. వాళ్ళు తిరగబడ్డారు, ప్రభుత్వం పడిపోయింది. ఆ తర్వాత ఆపరేషన్ బల్ల మీదికి స్త్రీలు వచ్చారు, ప్రభుత్వాలేమీ పడిపోలేదు. అదే 1977లో నవంబరు 19న దివిసీమ మీద ఉప్పెన పడింది. అధికార లెక్కల్లోనే సుమారు 10 వేలమంది పోయారు. ఇక చాలని ఆపరేషన్ చేయించుకుని, ఒక్క రాత్రిలో పిల్లలందరినీ నీళ్ళకి ఇచ్చిన తల్లికి 'శాశ్వత పద్ధతి' అన్న మాట ఎలా వినిపించి ఉంటుంది? ఆ ఉప్పెన తర్వాత కూడా మన రాష్ట్రానికి ఇదే పద్ధతి మిగిలింది. 2019-20 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో ఆంధ్రప్రదేశ్ వివాహితల్లో నూటికి దాదాపు 70 మంది ఆపరేషన్ అయినవాళ్ళే. అబార్షన్ కావాలని వచ్చినవాళ్ళకి ఆపరేషన్‌కి ఒప్పుకుంటేనే చేస్తామని షరతు పెట్టడం దేశమంతటా ప్రభుత్వ ఆస్పత్రుల్లో మామూలైపోయింది. ముప్ఫై దాటగానే గర్భసంచి తీయించుకోవడమూ మన దగ్గర అంతే మామూలైంది. అబార్షన్‌కి సంతకాలు అడిగే చేతులకి గర్భసంచి తియ్యడానికి అంత సంకోచం లేదు.

దీన్ని మన స్త్రీలు చూస్తూ ఊరుకోలేదు. 1985లో పటాన్‌చెరు ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో నెట్-ఎన్ ఇంజెక్షన్‌ని పేద స్త్రీల మీద ప్రయోగిస్తుంటే, అది ప్రయోగమన్న సంగతి వాళ్ళకి చెప్పలేదని స్త్రీ శక్తి సంఘటన బయటపెట్టింది. మరుసటి ఏడు ఇతర సంఘాలతో కలిసి సుప్రీంకోర్టుకి వెళ్ళింది. 1991లో 'సవాలక్ష సందేహాలు' పుస్తకం వచ్చింది. బోస్టన్ స్త్రీలు 1970ల్లో తమ శరీరాల గురించి తామే రాసుకున్న పుస్తకం దానికి స్ఫూర్తి. మన ఒంటి గురించి డాక్టరు చెప్పాలి, మనం వినాలి అన్న పద్ధతిని అది తలకిందులు చేసింది. బహిష్టు, గర్భం, అబార్షన్ లాంటి మాటల్ని సిగ్గుపడకుండా తెలుగులో చదువుకునే వీలు కల్పించింది.

2002లో మన దేశంలో మిఫెప్రిస్టోన్‌కి అనుమతి వచ్చింది. పుల్ల పోయింది, గీకడం తగ్గింది, మాత్ర వచ్చింది. 2015లో దేశంలో కోటీ 56 లక్షల అబార్షన్లు జరిగాయని ఒక అధ్యయనం లెక్కగట్టింది. అందులో నూటికి 73 ఆస్పత్రి గడప తొక్కకుండా మాత్రలతో జరిగినవే. ఇది గొప్ప మార్పు. తొమ్మిది వారాల్లోపు, సరైన మోతాదులో వేసుకుంటే ఈ మాత్రలు క్షేమమైనవి. కానీ మందుల షాపులో మొగుడు కొనుక్కొచ్చిన పొట్లంతో పాటు సమాచారం రాదు. రెండు గంటలపాటు గంటకి రెండు నిండు ప్యాడ్లు తడిస్తే, ఒకరోజు దాటినా జ్వరం తగ్గకపోతే, ఒక పక్కన పొడిచినట్టు నొప్పి వచ్చి కళ్ళు తిరిగితే ఆగకుండా ఆస్పత్రికి వెళ్ళాలని ఆమెకి ఎవరు చెబుతారు? గర్భసంచి బయట నిలిచిన పిండానికి ఆ మాత్రలు పనిచెయ్యవని ఎవరు చెబుతారు? గుట్టు పాతదే, దాని చోటు మాత్రం మంత్రసాని గుడిసె నుంచి మందుల షాపు కౌంటరుకి మారింది.

ఇంకో చిక్కు మనం తెచ్చుకున్న చట్టం వల్లే వచ్చింది. ఆడపిండాలని చంపడం ఆపాలని 1994లో లింగనిర్ధారణ నిషేధ చట్టం కోసం స్త్రీల సంఘాలే పోరాడాయి. ఆ పోరాటం న్యాయమైనది. కానీ గోడల మీద 'భ్రూణహత్య నేరం' అని రాశారు. చట్టం నిషేధించింది లింగం చెప్పడాన్ని, అబార్షన్‌ని కాదు. ఆ తేడా గోడ మీద కనపడదు. ఒకప్పుడు వితంతువు మీద వేసిన మాటే మళ్ళీ అందరి మీదా పడింది. ఆ మాటని మనం కూడా సభల్లో వాడాం. ఆ లెక్క మనమే సరిచూసుకోవాలి.

2021 సవరణ కొన్ని తలుపులు తెరిచింది. 20 వారాల వరకు ఒక్క డాక్టరు అభిప్రాయం చాలు. కొన్ని వర్గాల స్త్రీలకి ఇద్దరు డాక్టర్ల అభిప్రాయంతో 24 వారాల దాకా వీలుంది. 'భర్త' అన్నచోట 'భాగస్వామి' అని మార్చారు. 2022 సెప్టెంబరు 29న సుప్రీంకోర్టు ఆ 24 వారాల వీలు పెళ్ళికాని స్త్రీలకీ వర్తిస్తుందంది. ఈ చట్టం వరకు రేప్ అంటే భర్త చేసినది కూడా అంది. పద్దెనిమిది నిండిన స్త్రీకి తన సంతకం తప్ప ఎవరి సంతకమూ అక్కర్లేదు. ఇది 1971 నుంచీ ఉన్నదే. ఆమె పేరు బయటపెడితే ఇప్పుడు శిక్ష కూడా ఉంది.

కాబట్టి ఏ ఆస్పత్రి అని ఎవరైనా అడిగితే నేను పేరు చెప్పను, అడగవలసిన ప్రశ్నలు చెబుతాను. ప్రైవేటుదైతే అనుమతి పత్రం ఉందా? గీకుతారా, గాలితో పీల్చి తీస్తారా? గీకడం మానమని ప్రపంచ ఆరోగ్య సంస్థ ఎప్పుడో చెప్పింది. నొప్పికి మందిస్తారా? ఆపరేషన్ కూడా చేయించుకోమని వత్తిడి చేస్తారా? ఎవరి సంతకం అడుగుతారు? ఈ చివరి ప్రశ్నకి వచ్చే జవాబుని బట్టి మిగతావాటికి జవాబులు చాలావరకు ఊహించవచ్చు.

2023లో బందరులో ప్రభుత్వ వైద్య కళాశాల తెరిచారు. దివిసీమ నుంచీ గుడివాడ నుంచీ ఆడపిల్లలు అక్కడ డాక్టర్లవుతారు. రేపు వాళ్ళ ముందు కూర్చున్న స్త్రీ మాట్లాడుతుంటే, వాళ్ళు ఆమెకేసి చూస్తారా, ఆమె వెనక ఎవరు నిలబడ్డారా అని చూస్తారా? మా పిన్ని కూతురి పెద్దమ్మాయికి ఇప్పుడు ఇరవై దాటాయి. ఆ రోజు రెండు బస్సులు ఎందుకు మారామో మొన్ననే దానికి చెప్పాను. 'నాన్న సంతకం ఎందుకు పెద్దమ్మా?' అంది.