స్టీరింగు కీలు - నీడగడియారము

1960, 70 దశాబ్దముల అమెరికన్ పికప్ ట్రక్కులలో పెక్కింటికి స్టీరింగు కడ్డీని గేరుపెట్టెతో కలుపుచోట రబ్బరు, గుడ్డ పొరలతో చేసిన బిళ్ళ ఉండెడిది. రోడ్డు అదురు డ్రైవరు చేతులకు అంతగా అందకుండ అది ఆపును. కాని వేడికి, నూనెకు రబ్బరు చివికినచో, చక్రము కొంత త్రిప్పినను బండి తిరుగదు.

అట్టి బిళ్ళను తీసి, కొందరు ఉక్కు కీళ్ళను అమర్చుదురు. ఈ కీలు మోటారుబండి కంటె మిక్కిలి పాతది. ఇంగ్లండులో రాబర్ట్ హుక్ 1676లో ప్రకటించిన గ్రంథమున దీనిని వర్ణించెను. కోణముగా కలిసిన రెండు కడ్డీలలో ఒకటి సమవేగముతో తిరిగినను రెండవది అట్లు తిరుగదు. కోణము 30 డిగ్రీలైనచో, రెండవదాని వేగము ప్రతి చుట్టులోను రెండుమార్లు మొదటిదానిలో 0.87 వంతుకు తగ్గి, రెండుమార్లు 1.15 వంతులకు పెరుగును. నీడగడియారముపై నీడ కదలికయు ఇట్లే మారును. కావుననే ఆ గీతలు గీయుటకు హుక్ ఈ కీలును వాడెను.

గడియారమునకు గుణమైనది స్టీరింగునకు దోషము. కోణము స్వల్పమైనచో తేడా చేతికి తెలియదు. ఎక్కువైనచో చక్రము ఒకచోట తేలికగా, ఒకచోట బరువుగా తోచును. విరుగుడు రెండవ కీలే. రెండు కోణములు సమానముగా, నడిమి కడ్డీ రెండు చివరల పంగలు ఒకే తలములో ఉన్నచో మొదటి కీలు తప్పును రెండవది దిద్దును. ఒక పంగను పావుచుట్టు తప్పి బిగించినచో ఆ తప్పు దిద్దబడక ఇనుమడించును. బిగించు ముందు ఒక్క చూపు చాలు. డ్రైవరు ప్రాణము దానిపై ఆధారపడియున్నది.