వేషానికి పద్మశ్రీ, వీధికి జైలు

తెలుగు నాటకంలో స్వలింగ ప్రేమికుల, హిజ్రాల మాట రాగానే మనవాళ్లు మగవాళ్లు కట్టిన స్త్రీ వేషం దగ్గర మొదలుపెడతారు. కూచిపూడి భామాకలాపం, స్థానం నరసింహారావు సత్యభామ, వేదాంతం సత్యనారాయణ శర్మ. స్థానానికి 1956లో, వేదాంతానికి 1970లో పద్మశ్రీ. ఇంత ఆదరించిన సమాజం కాబట్టి మనది మొదట్నుంచీ సహనమేనని తేల్చేస్తారు. ఈ లెక్క నాకు కుదరదు. జనం మెచ్చుకున్నది నటనను. నాటకం అయ్యాక ఆ చీర విప్పేస్తారన్న భరోసా అందరికీ ఉండేది.

విప్పనివాళ్ల సంగతి నిజాం సంస్థానపు హిజ్రాల చట్టంలో దొరుకుతుంది. ఫసలీ 1329, అంటే 1919 నాటిది. పిల్లలను ఎత్తుకుపోతారనో, అసహజ నేరాలు చేస్తారనో అనుమానం ఉన్న హిజ్రాల పేర్లు, చిరునామాలు రిజిస్టరులోకి ఎక్కించాలని అది చెప్పింది. అలా ఎక్కినవారు ఆడబట్టలతోనో నగలతోనో వీధిలో కనిపించినా, ఆడినా, వాయించినా, బహిరంగ వినోదంలో పాల్గొన్నా వారంటు లేకుండా పట్టుకునే వీలుండేది. శిక్ష రెండేళ్ల దాకా జైలు, లేదా జరిమానా, లేదా రెండూ. ఇక్కడ శిక్ష పడేది ప్రదర్శనకే. నాటక చరిత్రకారులు ఈ చట్టాన్ని పోలీసుల గొడవగా పక్కన పెట్టడం అందుకే పొరపాటు.

అయితే ఈ వాదనను మరీ సాగదీయకూడదు. స్థానం ఎదిగింది మద్రాసు ప్రెసిడెన్సీలో, అది వేరే పాలన. రిజిస్టరు కూడా ముందుగా హైదరాబాద్ నగరానికే. ఉమ్మడి నిజామాబాద్ జిల్లాలోని లింగంపేట లాంటి ఊరికి అది రావాలంటే సర్కారు ప్రత్యేకంగా ప్రకటించాల్సి ఉండేది. నిజాం పాలనలోని ఈ పక్క చిందు భాగవతుల మేళాల్లో ఆడవాళ్లు మగవేషాలు కట్టారు. అదే జిల్లాకు చెందిన చిందుల ఎల్లమ్మ పేరు ఇప్పటికీ చెప్పుకుంటారు. దాన్ని కూడా హక్కుల పోరాటమని నేను అనను. అది వాళ్ల కళ, వాళ్ల కూడు.

నిజాం పోయినా, రాజ్యాంగం వచ్చినా ఆ చట్టం పుస్తకాల్లో అలాగే మిగిలింది. 2018లో ట్రాన్స్ హక్కుల కార్యకర్త వైజయంతి వసంత మొగిలి తదితరులు హైకోర్టుకెక్కితే, 2023 జులైలో తెలంగాణ హైకోర్టు దాన్ని కొట్టేసింది. నూటనాలుగేళ్లు! రంగస్థలం కోర్టు కోసం ఆగనక్కర్లేదు: మరాఠీలో విజయ్ తెండూల్కర్ 1981లోనే ‘మిత్రాచీ గోష్ట’తో ఒక స్త్రీ మరో స్త్రీని ప్రేమించడాన్ని రంగస్థలం మీదికి తెచ్చాడు. తెలుగు రంగస్థలానికైతే ఈ చట్టం కథను కోర్టే చేతికిచ్చింది. దాన్ని హైదరాబాద్ ఆడిటోరియాల్లో ఇంగ్లీషు తెలిసినవాళ్ల కోసం ఆడి సరిపెట్టుకుంటే నాకు చాలదు. లింగంపేటలోని నాగన్న మెట్లబావి దగ్గర, చిందు మేళం పలికే తెలుగులో ఆడాలి.

కోర్టు గెలుపుతో తెర దించేసే నాటకం మీదా నాకు నమ్మకం లేదు. రిజిస్టరు సర్కారుది. అందులో ఎక్కినవారి గొంతు ఉండదు. స్త్రీలను ప్రేమించిన స్త్రీలకైతే ఆ చట్టంలో చోటే లేదు, అనుమానితులుగానైనా. కాగితాన్నే నమ్ముకున్న రచయిత వాళ్లను రెండోసారి చెరిపేస్తాడు. కల్పించక తప్పదు. ఏది రికార్డులోది, ఏది కల్పన అన్నది మాత్రం సూత్రధారుడు ప్రేక్షకులకు నోరు విప్పి చెప్పాలి.