తిమింగలము: పేరును ప్రాణియు

గడచిన మాసమున బందరులో మా తరగతివారికి రఘువంశమునందలి పదమూడవ సర్గమును బోధించుచుంటిమి. లంకనుండి మరలివచ్చుచు శ్రీరాముడు పుష్పకమునుండి సీతకు సముద్రమును జూపు ఘట్టమది. తిములు నదీముఖమున నోరు తెరచి, ప్రాణులతోగూడ నీటిని గ్రహించి, నోరు మూసికొని, తలలయందలి రంధ్రములనుండి ధారలను పైకి చిమ్ముచున్నవని కాళిదాసు వర్ణించెను. తిమి యనగా తిమింగలమని చెప్పితిమి. గిలకలదిండినుండి వచ్చు పడవలవారి బాలు డొకడు లేచి, "మాష్టారూ, తిమిని మింగేది తిమింగలమని నిన్న తమరే చెప్పారు. మింగేదీ, ఆహారమయ్యేదీ ఒకటే ఎలా అవుతుందండీ?" అని యడిగెను. ఆనాడు మేము సరియైన సమాధానము చెప్పలేకపోతిమి. ఆ లోటు తీర్చుకొనుటకే యీ వ్యాసము.

బాలుని సందేహము న్యాయమైనదే. తిమిని మ్రింగునది తిమింగిలము. అమరసింహుడు వారివర్గమున దీనిని జలజంతువులలో జేర్చెను. బౌద్ధులు దీనితో దనివి నొందక, దానికంటెను పెద్దదియగు తిమితిమింగిలమును గల్పించిరి. తెలుగున నీ శబ్దము తిమింగలమై, రూపముతోపాటు అర్థమును మార్చుకొన్నది. ఆహారమైన తిమికి భక్షకుని పేరు దక్కగా, భక్షకుడు పేరులేనివాడైనాడు. నేడు దానిని జెప్పవలసివచ్చినప్పుడు పత్రికలవారు హంతక తిమింగలమని ఇంగ్లీషునుండి తర్జుమా చేయుచున్నారు.

పేర్ల మాట వచ్చినది గనుక మరియొకటి. మచిలీపట్టణపు కోటద్వారమున మహామత్స్యము యొక్క కన్నులుండెడివనియు, అందుచేతనే యూరికి ఆ పేరు వచ్చెననియు మావారు చెప్పుకొందురు. కాని క్రీ.శ. 2వ శతాబ్దిననే టాలెమీ యీ సీమను మైసోలియా యని వ్రాసెను. అప్పటికి మచ్లీ యను హిందుస్తానీ మాట పుట్టియే యుండలేదు. చేప తరువాత వచ్చి పేరులో దూరినదని మా తలంపు.

ఆ టాలెమీయే కంటకోస్సూల యను రేవును బేర్కొనెను. అది దివిసీమయందలి ఘంటసాల. అచ్చటి ప్రాకృత శాసనములలో నొకటి శివకుడను మహానావికుని దానమును దెలుపుచున్నది. భట్టిప్రోలు, గుడివాడ, ఘంటసాల స్తూపములను గూర్చి అలెగ్జాండరు రే 1894లో నొక గ్రంథమునే ప్రకటించెను. నేడు వరిచేలనడుమ మట్టిదిబ్బలుగా గనిపించు నీ తావులు ఒకనాడు ఓడవర్తకము నెరిగిన బౌద్ధుల నెలవులు. అట్టి వర్తకులు నడిసముద్రమున దేనికి జడిసిరో తెలియవలెనన్న, భార్హుతు స్తూపముననుండి కలకత్తా మ్యూజియమునకు జేరిన శిల్పమును జూడవలెను. పెద్ద జలజంతువొకటి నోరు తెరచియున్నది. మనుష్యులతోగూడ నావ ఆ నోటిలోనికి బోవుచున్నది. తిమితిమింగిలపు కుక్షినుండి వసుగుప్తుడు మహాదేవునిచే విడిపింపబడెనని దానిమీది వ్రాత. ఇచ్చట మహాదేవుడనగా బుద్ధుడు.

ఈ కథను బోలినదే దివ్యావదానమున ధర్మరుచి వృత్తాంతమున గలదు. అది మమ్ము మిక్కిలి ఆకర్షించినది. వర్తకులు ప్రాణభీతితో బుద్ధునికి మ్రొక్కగా తిమింగిలము ఆ నామమును విన్నది, తినరాదని యెంచినది. అయినను నోరు తటాలున మూసినచో నీటివేగమునకు ఓడ పగిలిపోవునని తలచి, మెల్లమెల్లగా మూసికొన్నది! భక్తిమాట యటుంచుడు. కడుపే ప్రాణముగా నెంచబడిన జంతువునకు ఆలోచన గలదని ఊహించిన ఆ కథకుడు సామాన్యుడు కాడు.

నిజముగా తిమిని దిను ప్రాణి సముద్రమున గలదు. అదియే ఓర్కా. నలుపు తెలుపుల మేనితో, మగది 8, 9 మీటర్లవరకు బెరుగును. చేప కాదు, డాల్ఫినుల కుటుంబములోనిదై, గాలి పీల్చి, పిల్లలకు పాలిచ్చును. గుంపుగూడి నీలితిమింగలమునుగూడ జంపినట్లు ఆస్ట్రేలియా నైరృతితీరమున 2019 మొదలు చూచినవారు తెలిపిరి. అట్లు జంపుటలో అవి నోటిలో దూరి నాలుకను దినును. మ్రింగునది మ్రింగబడుదాని నోటిలో దూరుట విచిత్రము!

మసలియా సన్నని వస్త్రములను గూర్చి గ్రీకు నావికు డొకడు వ్రాసిన మొదటి శతాబ్దిననే, రోమునగరపు రేవగు ఓస్టియాలో ఓర్కా యొకటి చిక్కుకొన్నదని ప్లినీ వ్రాసెను. క్లాడియసు చక్రవర్తి రేవుకు వలలు కట్టించి, ప్రజల వినోదార్థము సైనికులచే దానిని ఈటెలతో బొడిపించెనట. దీనికి సరిగా నెదురు, ఆస్ట్రేలియాలోని ఈడెను కథ. అచ్చటి ఓర్కాలు పెద్ద తిమింగలములను తరిమి ఖాతములోనికి దెచ్చెడివి. డేవిడ్సను కుటుంబమువారు, వారి పడవలయందలి ఆదిమజాతివారును వానిని జంపి, పెదవులను నాలుకను ఓర్కాలకు విడిచెడివారు. ఓల్డ్ టామ్ అను ప్రసిద్ధమైన ఓర్కా 1930లో మరణించెను. దాని యస్థిపంజర మా యూరి మ్యూజియమున నున్నది.

ఇట్టి పొత్తు చాలచోట్ల లేదు. హంతకి యని పేరుపెట్టిన తరువాత చంపుటకు వేరు కారణ మక్కరలేదు గదా. కెనడాలో 1961లో వీనిని గాల్చుటకై సర్కారువారు ఒడ్డున మరతుపాకిని నిలిపిరి. అదృష్టవశమున అది పేలలేదు. 1964లో వాంకూవరు జలజంతు ప్రదర్శనశాలవారు, ప్రతిమ చేయుటకు నమూనాగా నొక ఓర్కాను చంపి తెమ్మని ఒక శిల్పిని బంపిరి. బల్లెము తగిలినను అది చావలేదు. తోడివి రెండు వచ్చి, ఊపిరి యందునట్లు దానిని నీటిపైకి ఎత్తిపట్టినవి. దానిని త్రాటితో నగరమునకు లాగుకొనివచ్చిరి. చాలదినములు ఏమియు దినలేదు. తుదకు మనుష్యుల చేతినుండి చేపలు దిని, మూడుమాసములు నిండకుండగనే మరణించెను. ఆడదని తలచి మాబీ డాల్ అని పేరిడిరి. మగదని చచ్చిన తరువాతగాని తెలియలేదు.

భయము పోయినది, ఆశ పుట్టినది. తరువాతి పండ్రెండేండ్లలో ఆ తీరమున పిల్ల ఓర్కాలను వలలతో బట్టి ప్రదర్శనశాలల కమ్మిరి. స్వేచ్ఛగా దిరుగు ఓర్కా మనుష్యుని జంపినట్లు ఒక్క నిదర్శనమును లేదు. తొట్లలో బంధింపబడినవి మాత్రము శిక్షకులను జంపిన సందర్భములు గలవు. పిల్లలను గోల్పోయిన ఆ తీరపు దక్షిణపు గుంపులలో నేడు 80కి లోపే మిగిలినవి. మనదేశమున డాల్ఫినుల ప్రదర్శనశాలలను 2013లో కేంద్రప్రభుత్వము నిషేధించుట మంచిపని.

మైకేల్ బిగ్ అను శాస్త్రజ్ఞుడు 1970 తరువాత మూపురెక్కల గంట్లను ఛాయాచిత్రములలో గుర్తుపట్టి ఓర్కాల నొక్కొక్కదానినే లెక్కించెను. అప్పుడుగాని వాని సంసారము బయటపడలేదు. చేపలను దిను తెగలో కొడుకులును కూతుండ్రును కడవరకు తల్లిని విడువరు. ఒక్కొక కుటుంబమున కొక్కొక పలుకుబడి. పిల్లలు దానిని పెద్దలవద్ద నేర్చును. ఆడది సుమారు నలువదియేండ్లకు కానుపులుడిగి, ఆపై దశాబ్దములు బ్రతుకును. చేపలు కరవైన యేట గుంపునకు ముందు నడచునది ఇట్టి ముసలిదేయని 2015లో పరిశోధకులు ప్రకటించిరి. ఇంటి ముసలమ్మను వంటయింటి మూలకు నెట్టి, ఆమె మాట నడుగుట మానిన గృహస్థు లీ వాక్యమును రెండుమారులు చదువుదురుగాక. 2018లో ఒక తల్లి చచ్చిన బిడ్డను నీటిపై మోయుచు 17 దినములు దిరిగినది. అది దుఃఖమా కాదా యని పండితులు తర్కించుచున్నారు. మా యింటివారు మాత్రము ఆ వార్త విని, ఆ దినమున భోజనమునకు లేవలేదు.

మరుసటి పాఠమున ఇవన్నియు విద్యార్థులకు జెప్పితిమి. కాళిదాసు చూచిన ధార నీరు కాదు, తిమి విడుచు ఊపిరి యనియు దిద్దితిమి. గిలకలదిండి బాలుడు అంతయు విని, "అది మన బందరు సముద్రానికి వస్తుందాండీ?" అని యడిగెను. సింహళముచెంతను, అండమానులచెంతను గనబడినది. బంగాళాఖాతమునకు తలుపులు లేవుగదా యంటిమి.

"అయితే మా తాతను చూస్తూ ఉండమని చెబుతానండీ" అని కూర్చుండెను.