కిరణతంత్రి

విశాఖపట్టణమునకును వెలుతురు శాస్త్రమునకును గల చుట్టరికము పాతది. 1892లో చంద్రశేఖరయ్యరుగారు ఇచ్చటి ఎ.వి.ఎన్. కళాశాలకు అధ్యాపకులై వచ్చిరి. వారి కుమారుడు సెంట్ అలోషియస్ పాఠశాలలో చదివి, పదునొకండవ యేట మెట్రిక్యులేషనున నుత్తీర్ణుడై, తండ్రిగారి కళాశాలలోనే ఎఫ్.ఏ. ముగించి, మద్రాసునకు పోయెను. ఆ బాలుడే చంద్రశేఖర వేంకట రామన్. విశాఖ సముద్రమును చూచియే ఆయన తన సిద్ధాంతమును కనుగొనెనని మన యూరివారు చెప్పుదురు. అది అభిమానమే గాని చరిత్ర కాదు. కడలి నీలిమను గూర్చిన విచారము ఆయనకు 1921లో మధ్యధరా సముద్రముపై ఓడలో పయనించునపుడు బలపడినది.

ఆ 1921లోనే ఆయన వీణా తంబురల తంత్రులను గూర్చి వ్యాసము ప్రకటించెను. తంత్రియు కిరణమును ఆయనకు రెండు కన్నులు. కలకత్తాలో 1928 నాటి ప్రకటనకు కొంచెము ముందు, శుద్ధి చేసిన గ్లిసరినులో చెదరిన సూర్యరశ్మి నీలముగా గాక ఆకుపచ్చగా నుండుట శిష్యుడు వేంకటేశ్వరన్ గమనించెను. రామన్ ఫలితమునకు త్రోవ చూపిన గురుతులలో నదియొకటి. పిమ్మట సూరి భగవంతముగారును, రంగధామరావుగారును ఆంధ్ర విశ్వకళాపరిషత్తున ఈ విద్యను వాల్తేరున పాదుకొల్పిరి.

1960లో అమెరికాలో మైమన్ వెలిగించిన మొదటి లేసరు ఎఱ్ఱనిది. 1980 తరువాతి తొలి యేండ్లలో ఫ్రాన్సున బెర్నార్ షైనర్ లేసరు కిరణములే తంత్రులుగా నొక వాద్యమును కల్పించెను. చేయి యడ్డుపడిన చోట స్వరము పలుకును.

నేడు వ్రేలెడు ఆకుపచ్చ లేసరు అంగటిలో దొరకును. చిత్రమేమన, పెక్కింటిలో మొదట పుట్టునది ఆకుపచ్చ కాదు. 808 నానోమీటర్ల పరారుణ కాంతి యొక స్ఫటికమును ప్రేరేపించును. అందుండి 1064 వెలువడును. మఱియొక స్ఫటికము ఆ తరంగదైర్ఘ్యమును సగము చేసి 532 కావించును. మన కంటికిని, చౌకగా దొరకు ఎల్.డి.ఆర్. అను గ్రాహకమునకును ఆ వన్నె మిక్కిలి యనుకూలము.

మా మనుమడు వసారాలో నట్టి కిరణమును చాచి, ఎదుట ఎల్.డి.ఆర్. నమర్చెను. కిరణము తెగినపుడెల్ల మా యింటి బొబ్బిలి వీణ షడ్జము యంత్రమునుండి పలుకవలెను. ఆ వీణ పనసమ్రానిని ఏకాండిగా తొలిచినది. దానికి ప్రతిగా గాలిలో తీగె! పగలు పలుకలేదు: ఎండవెలుగు గ్రాహకమును ముంచివేసినది. నల్లకాగితపు గొట్టమును తొడుగగా మాట వినెను. కిరణము మాత్రము కానరాదయ్యె. మా యింటివారు సాంబ్రాణి వేసిరి. పొగ చెదరగొట్టిన వెలుగున పచ్చని తీగె గాలిలో నిలిచినది. నా కపుడు గ్లిసరిను సీసా జ్ఞప్తికి వచ్చెను.

అంతలో కిరణము ఇత్తడిచెంబుపై బడి చిన్నపిల్ల చెక్కిలి ప్రక్కగా గోడమీద తళుక్కుమనెను. నా గుండె జల్లుమన్నది, వెంటనే ఆర్పించితిని. చౌక సాధనములనుండి కంటి కగపడని పరారుణమును విస్తారముగా కాఱునని అమెరికా ప్రమాణసంస్థవారు 2010లో కనుగొనిరి. కనబడనిదానికి ఱెప్ప మూసికొనదు గదా! బోధనకు 1 మిల్లీవాటు చాలును. 5 మిల్లీవాట్లు మించినది పిల్లల చేతి కీయరాదు. విమానములవైపు, ఓడలవైపు ఎన్నడును త్రిప్పరాదు.

మఱునాడు కిరణమును అడ్డముగా గాక, ఎవరి తలయు దూరని చట్రములో పైనుండి నల్లపలకమీదికి దింపితిమి. చెంబులన్నియు వంటయింటికి జేరినవి. మనుమడు ఏడు తీగెలు కావలెననెను. ముందీ యొక్కదానిని సరిగా పలికింపుమంటిని.