దారి బత్తెం

నడిచేవాడి తిండి లెక్క నీళ్లతో మొదలవుతుంది. వండిన అన్నంలో నూటికి డెబ్బై పాళ్లు నీళ్లే. రెండు కిలోల అన్నం మూటగట్టుకుని మహేంద్రగిరి ఎక్కేవాడు మోసేదాంట్లో కిలోన్నర దాకా ఇంటి బావి నీళ్లన్నమాట. పైగా మర్నాటికి ఆ అన్నం పులిసిపోతుంది. అదే సత్తువ ఏడు వందల గ్రాముల్లో ఇమిడిపోయే ఉపాయం ఒకటుంది. అర కిలో అటుకులు, వంద గ్రాముల వేరుశెనగ గింజలు, వంద గ్రాముల బెల్లం. సుమారు 2,700 కేలరీలు. పొయ్యి అక్కర్లేదు, గిన్నె అక్కర్లేదు, పాడవుతుందన్న బెంగా లేదు. మైసూరులో సైనికుల తిండి కోసం 1961లో రక్షణ ఆహార పరిశోధన ప్రయోగశాల పెట్టి, తేలిగ్గా ఉండి చాలాకాలం నిలవుండే తిండి కోసం శాస్త్రవేత్తలు పరిశోధనలు చేశారు. పలాస, టెక్కలి పల్లెల్లో రోకలి పట్టుకున్న ఆడవాళ్లకు ఆ సూత్రం అంతకు చాలా ముందే చేతికి తెలుసు.

అటుకులు చేయడం ఓపిక పని. వడ్లు రాత్రంతా నానాలి. నీళ్లు వార్చి, మంగలంలో ఇసుకతో వేపి, వేడి చల్లారకముందే రోట్లో పోసి దంచాలి. వేడిమీద గింజ మెత్తగా ఉంటుంది కాబట్టి పోటు పడినా పొడి కాదు, పలచబడుతుంది. చల్లారిందో, నూకలే మిగులుతాయి. అందుకే ఒకరు వేపుతుంటే ఇద్దరు దంచుతారు. మధ్యలో కబుర్లకు తీరికుండదు. ఈ తతంగంలో గింజ లోపలి పిండి ముందే ఉడికిపోతుంది. ఆ తర్వాత దానికి కావలసింది కాసిని నీళ్లు, కొంచెం సేపు. కట్టెలూ మంటా ఖర్చయ్యేది ఇంట్లో, తినేది కొండ మీద. దారి బత్తెం అంటే నా దృష్టిలో ఇదే: ఇంటి దగ్గర ఒకరు పడ్డ శ్రమను ఇంకొకరు బరువు లేకుండా మోసుకుపోవడం. ప్రయాణాల చరిత్ర రాసేవాళ్లు నడిచినవాళ్ల పేర్లు రాస్తారు. దంచినవాళ్ల పేర్లు ఎక్కడా ఉండవు.

భాగవతంలో కుచేలుడి భార్య పేరు కూడా అలాగే మరుగున పడింది. అడిగి తెచ్చిన నాలుగు పిడికిళ్ల అటుకులు చినిగిన గుడ్డలో మూటగట్టి ద్వారకకు పంపింది ఆమే. అది ఆయన దారి తిండి కాదు, స్నేహితుడికి కానుక. అంత దూరం ఆకలితో నడుస్తూ చంకలో ఉన్న మూట విప్పకుండా ఉన్నాడంటే, కుచేలుడి భక్తి సంగతి ఎలా ఉన్నా నిగ్రహానికి మాత్రం దణ్ణం పెట్టాలి.

శ్రీకాకుళం తీరంలోని ఉద్దానం మీదుగా వెళ్లే దారి యాత్రికుల దారి. మద్రాసు నుంచి పూరీకి తీరం వెంబడి వెళ్లే పాత బాట శ్రీకాకుళం, టెక్కలి, పలాస, ఇచ్ఛాపురం వైపు నుంచే సాగేది. ఇప్పటి పదహారో నంబరు జాతీయ రహదారిదీ దాదాపు అదే వరస. కాశీయాత్ర చరిత్ర రాసిన ఏనుగుల వీరాస్వామి 1830 మేలో మద్రాసు నుంచి కాశీకి బయల్దేరి, మరుసటి ఏడు తిరుగు ప్రయాణంలో జగన్నాథం చూసుకుని ఈ తీరం మీదుగానే దిగివచ్చాడు. ఆయనది మూట ప్రయాణం కాదు. పల్లకీలు, బోయీలు, డేరాలు, వంటవాళ్లు. అంటే వంటిల్లే నడిచిందనాలి. ఏ మజిలీలో అంగళ్లున్నాయి, ఎక్కడ మంచినీళ్లు దొరుకుతాయి అని ఆయన ఊరూరా రాసుకుంటూ పోయాడు. అంత పరివారం ఉన్నవాడికే తిండీ నీళ్లూ అంత పట్టింపైతే, కాళ్లే దిక్కైన యాత్రికుడి సంగతి ఊహించవచ్చు.

ఆ యాత్రికుడి మూటలో అటుకులు, పేలాలు ఉండడానికి బరువొక్కటే కారణం కాదు. నీళ్లలో ఉడికిన అన్నానికి ఉన్న అంటు పట్టింపు వేపిన గింజలకు అంతగా లేదు. ఎవరి పక్కన కూర్చుని తిన్నా, ఏ చెట్టు కింద విప్పినా మడి చెడదు. కులం కట్టుబాట్లు ఇంత గట్టిగా లేకపోతే మన దారి తిండి ఇంకోలా ఉండేదేమో.

ఇదే మూట పేదింట్లో వేరే రూపంలో ఉండేది. ఈ ప్రాంతంలో రాగుల్ని చోళ్లంటారు. ఆఫ్రికా తూర్పు మెట్టల్లో పుట్టి వేల ఏళ్ల కిందట మన దేశం చేరిన గింజ ఇది. పురుగు త్వరగా పట్టదు, ఏళ్ల తరబడి నిలవుంటుంది. వేపి విసిరిన చోడిపిండిలో బెల్లం కలిపి ఉండ చేస్తే పిల్లలకూ పనికొస్తుంది, నీళ్లలో కలిపితే పెద్దలకు అంబలి. వేటకెళ్లే మత్స్యకారుడికి గంజన్నం, ఉల్లిపాయ, ఎండుచేప. ఆ చేపను ఎండలో నిలబెట్టే ఉప్పు నౌపడ మళ్లలో పండుతుంది. అన్నమే తీసుకెళ్లాలనుకుంటే దానికి పులిహోర ఉంది. చింతపండు పులుపు, నూనె, పైన ఆవపిండి. ఆవ పెట్టిన పులిహోర ఉత్తరాంధ్ర చేతి గుర్తు. రుచి కోసం అనుకుంటాం గానీ, ఆ పులుపూ ఘాటూ కలిసి అన్నాన్ని ఇంకో పూట కాపాడతాయి.

1890లలో తీరం వెంబడి రైలు వచ్చింది. 1900లో పర్లాకిమిడి రాజావారి చిన్న రైలు నౌపడ నుంచి టెక్కలి మీదుగా కొండల వైపు కదిలింది. 1931కి అది గుణుపురం చేరింది. రైలొచ్చాక మూట పోవాలి. స్టేషన్లో వడలు, టీ అమ్ముతారు కదా! కానీ పోలేదు. ఎందుకంటే ఆ రైలెక్కిన ఉద్దానం మనిషి ఎక్కువగా పనికోసం దూరం పోయేవాడు. ఖరగ్‌పూర్ రైల్వే పనులకో, కలకత్తా వైపు మిల్లులకో వెళ్లేవాడికి టికెట్టు డబ్బులే బరువు. వడ కొనుక్కునే అణా ఇంటికి పంపాల్సిన అణా.

రంగూన్ ప్రయాణం ఇంకా కష్టం. ఈ తీరంలో బారువ, కళింగపట్నం, అవతల గోపాలపురం రేవుల నుంచి వేల మంది స్టీమర్లెక్కి బర్మా వరి పొలాలకు, మిల్లులకు, రేవు పనులకు వెళ్లారు. 1936 దాకా ఈ ప్రాంతమంతా మద్రాసు ప్రెసిడెన్సీలోని గంజాం జిల్లా. డెక్కు మీద చాప పరుచుకునే చోటు ఒక్కటే వాళ్లకు దక్కేది. బర్మాలో వరికి కొదవ లేదు కాబట్టి తిరుగు ప్రయాణంలో మూట ఇంకా బరువుగా ఉండాలి. 1941 డిసెంబరు 23న జపాన్ విమానాలు రంగూన్ మీద బాంబులు వేశాక ఆ తిరుగు ప్రయాణమే తలకిందులైంది. ఓడల్లో చోటు లేక లక్షల మంది భారతీయులు అడవులు, కొండలు దాటి మణిపురం, అరకాన్ దారుల్లో నడిచారు. వాళ్లలో తెలుగువాళ్లు చాలామంది. ఆకలి, కలరా ఎంతమందిని దారిలోనే ఆపేశాయో. వీపున మోయగలిగినంతే తిండి, అది అయిపోతే లేదు. ఇప్పుడు సరదాకు భుజాన సంచి తగిలించుకుని కొండెక్కేవాళ్లకు ఈ సంగతి ఒకసారి గుర్తుచేయాలనిపిస్తుంది. మూట కట్టడం సరదాగా పుట్టిన విద్య కాదు.

ఇప్పుడు జీడిపప్పు సంగతి. పలాస పేరు చెబితే దేశమంతా గుర్తుకొచ్చేది అదే. బ్రెజిల్ నుంచి పోర్చుగీసువాళ్లు పదహారో శతాబ్దంలో పశ్చిమ తీరానికి తెచ్చిన చెట్టు, ఇసుక నేల కనబడగానే ఈ తీరంలోనూ పాతుకుపోయింది. వంద గ్రాముల్లో 550 కేలరీలు. నడకకు ఇంతకన్నా మంచి తిండి దొరకదు. అయినా పాత మూటల్లో దానికి చోటు తక్కువ, వేరుశెనగకే ఎక్కువ. జీడిపిక్కను కాల్చి, తొక్కలోని నూనె చేతులు కాల్చకుండా చూసుకుంటూ పప్పు విరగకుండా తీయడం కూలి పని. విరగని పప్పు డబ్బాల్లో ఊరు దాటిపోతుంది. ఒలిచిన చేతులకు దక్కేది కూలి, మహా అయితే కాస్త బద్ద. 2018 అక్టోబరులో తిత్లీ తుఫాను జీడి, కొబ్బరి తోటల్ని నేలకు వంచేశాక ఆ కూలీ కూడా చాలాకాలం కరువైంది.

మందస మీదుగా శివరాత్రికి మహేంద్రగిరి ఎక్కేవాళ్లకు మూట ఇప్పటికీ కావాలి. 1,501 మీటర్ల ఎత్తున, ఒడిశా గజపతి జిల్లాలో ఉన్న ఆ కొండ మీద భీముడు, కుంతి, ధర్మరాజుల పేర్లతో పాత రాతి గుళ్లున్నాయి. ఉపవాసం ఉన్నవాళ్లకు ఉడికించిన చిలగడదుంప, కొబ్బరి ముక్క, బెల్లం చాలు. మిగతావాళ్లకు చెప్పేదేమంటే, అటుకుల్ని ఇంట్లోనే సన్నసెగ మీద కరకరలాడేలా వేపండి. విడిగా వేరుశెనగ, ఎండుమిర్చి, కరివేపాకు నూనెలో వేపి చల్లార్చి కలపండి. వేడిగా ఉండగా మూత పెడితే ఆవిరి పట్టి మెత్తబడుతుంది, తప్పు అక్కడే జరుగుతుంది. ఉప్పు, పసుపు, ఎండిన చింతపండు పొడి కలిపి పూటకొక పొట్లం కట్టుకోండి. పైన వేడినీళ్లు దొరికితే ఉప్మా అవుతుంది, దొరక్కపోతే అలాగే బొక్కవచ్చు. మురీలు, అంటే మరమరాలు, తేలిక గానీ సంచి నిండా చోటు తినేస్తాయి, అటుకుల్లా ఒదగవు. జీడిపప్పు ఓ గుప్పెడు వేసుకోండి. పలాస నుంచి బయల్దేరి అది లేకుండా వెళ్తే ఊరికి మర్యాద కాదు.

ఉద్దానం వాళ్లకు ఇంకో మాట కూడా చెప్పాలి. ఇక్కడి పల్లెల్లో కిడ్నీ జబ్బు ఎంతమందిని పట్టిందో అందరికీ తెలుసు. కారణం ఇదేనని ఇప్పటికీ తేలలేదు గానీ, ఎండలో చెమటోడ్చి సరిగా నీళ్లు తాగకపోవడం ప్రమాదమేనని వైద్యులు చెబుతున్నారు. 2023 డిసెంబరులో పలాసలో రెండు వందల పడకల కిడ్నీ ఆసుపత్రి మొదలైంది, హిరమండలం రిజర్వాయరు నుంచి పల్లెలకు తాగునీరు తెచ్చే పథకమూ వచ్చింది. జబ్బున్నవాళ్లకు ఎండుచేప, ఊరగాయల్లోని ఉప్పు చేటు. కొబ్బరి, బెల్లం, పప్పుల విషయంలో కూడా వైద్యుణ్ణి అడిగాకే మూట కట్టుకోవాలి. తిండిలోంచి తీసేసిన నీళ్లను సీసాలో మోయక తప్పదు. పొట్లం ఒకటి తగ్గించైనా సరే, కొండ దిగేదాకా సరిపడా నీళ్లు పెట్టుకోండి.